హోదోరి నెత్తిన ఉన్నది ఉత్త టోపీ కాదు

వాట్సాప్‌లో ఓ ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. 1988 సియోల్ ఒలింపిక్స్ మస్కట్ హోదోరి అమెరికా కార్టూన్ పులికి కొరియా టోపీ తగిలించిన బొమ్మట, 2018 ప్యోంగ్‌చాంగ్ వింటర్ ఒలింపిక్స్‌లో అదే పులికి సున్నం కొట్టి సూహొరాంగ్ అన్నారట, సంప్రదాయం అంతా పైపూతేనట. రాసినవాళ్లు బొమ్మని సరిగ్గా చూసినట్టు లేదు.

ముందు ఆ టోపీ సంగతి. దాని పేరు సాంగ్మో, పల్లెల్లో రైతులు డోళ్లు, తాళాలు వాయిస్తూ ఆడే నోంగక్‌లో పెట్టుకునేది. చేతులు వాయిద్యం మీదే ఉంటాయి కాబట్టి, తల తిప్పుతూనే టోపీకున్న పొడవాటి రిబ్బన్‌తో గాల్లో సున్నాలు చుట్టిస్తారు. డిజైనర్ కిమ్ హ్యున్ ఆ రిబ్బన్‌నే ఇంగ్లిష్ 'ఎస్' అక్షరంలా వంకీ తిప్పాడు, సియోల్‌కి గుర్తుగా. టోపీ తీసేస్తే బొమ్మలోంచి ఊరే పోతుంది.

"నవ్వే పులి అమెరికావాళ్లది" అనడం ఇంకా విడ్డూరం. మనం "అనగనగా" అన్నట్టు కొరియాలో కథ ఎత్తుకునేదే "పులులు పొగాకు తాగే రోజుల్లో" అని! కొరియాని ఏలిన జోసోన్ వంశం కాలపు జానపద చిత్రాల్లో చెట్టు మీద పిట్ట, కింద గుడ్లు మిటకరించి వెర్రిచూపులు చూసే పులి. భయపెట్టే జంతువుని ఆటపట్టించడం వాళ్లకి పాత అలవాటే. గీతల గుండ్రదనంలో కార్టూన్ల ఛాయ ఉందంటే మాత్రం ఒప్పుకుంటా.

ఇక సున్నం. తెల్లపులి పడమటి దిక్కుకి కాపలా, పాతకాలపు కొరియా రాజ్యం గొగుర్యో నాటి సమాధుల గోడల మీదే ఉంది. 'సూహొ' అంటే కాపాడటం, 'రాంగ్' ఏమో పులికి వాళ్ల మాటైన హొరాంగి నుంచీ, ఆ ప్రాంతపు పాట జోంగ్‌సోన్ అరిరాంగ్ నుంచీ తీసుకున్నది. ప్యోంగ్‌చాంగ్‌లో చాలా పోటీలు అవగానే గెలిచినవాళ్ల చేతికి ముందు వచ్చింది పతకం కాదు, తలకి కాగితప్పూలు పెట్టుకున్న సూహొరాంగ్ బొమ్మ. జోసోన్ రాజులు కొలువు పరీక్ష నెగ్గినవాడి టోపీకి పెట్టించే పూలు అవి.

"పులి తప్ప ఇంకేం దొరకలేదా?" అన్నది చివరి పోటు. దొరికింది, ఎలుగుబంటి. కొరియా తొలి రాజ్యాన్ని స్థాపించాడని చెప్పుకునే దంగున్ కథలో మనుషులవుదామని పులి, ఎలుగు గుహలో వెల్లుల్లి, మాచిపత్రి తింటూ కూర్చుంటే, పులి తట్టుకోలేక లేచిపోయింది, ఎలుగు మాత్రం ఉండి స్త్రీగా మారి దంగున్‌కి తల్లి అయింది. 2018 పారాలింపిక్స్ మస్కట్ బందాబి ఎలుగే, 1988 పారాలింపిక్స్‌కీ ఎలుగులే.

2002 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి జపాన్, కొరియా కలిసి దింపిన ఆ కంప్యూటర్ బొమ్మల మీద ఇదే ఫార్వర్డ్ పెట్టి ఉంటే, నేనే ఇంకో పది గ్రూపులకి పంపేవాణ్ణి.