ముద్దొచ్చే వీడియోలు చూస్తే బుర్ర ఎదగనట్టా?

మా అనంతపురం గ్రూపుల్లో వారం నుంచి ఒకటే ఫార్వర్డు తిరుగుతాంది. కుక్కపిల్లలు, పిల్లికూనల వీడియోలు చూసేటోళ్లకి మనసు ఎదగలేదంట, ఇది జపాన్ నుంచి అంటుకున్న జబ్బంట, బుగ్గ కొరకాలనిపిస్తే లోపల క్రూరత్వం ఉన్నట్టంట, పని మీద ధ్యాస పోతాదంట. మా అన్న కూడా పంపినాడు, ఊరికే ఉండలేక రాస్తాండా.

మనసు ఎదగకపోవడం అనేది తప్పు. బిడ్డల్ని సాకాల్సింది పెద్దోళ్లు, ఆ ఆశ పెద్దోళ్లలో లేకుంటే ఎట్ల? పెద్ద తల, పెద్ద కండ్లు, ఉబ్బిన బుగ్గలు, పొట్టి కాళ్లుచేతులు చూస్తే మనిషికి సాకాలనిపిస్తాదని జంతువుల నడవడిని చదివిన శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ 1943లోనే రాసినాడు. అవే గుర్తులు పిల్లికూనలో ఉన్నా, ఫోన్‌లో బొమ్మకున్నా మనసు అట్లే కరుగుతాది.

జపాన్‌ది ముద్దుగా ఉందని చెప్పే కవాయి అనే మాట, 1974లో వచ్చిన హలో కిట్టీ బొమ్మ. ముద్దు రావడం మాత్రం ఎవరి సొత్తూ కాదు. మా పక్క మేపను పోయిన చోట గొర్రె ఈనితే ఆ పిల్లను సంకలో పెట్టుకోని ఇంటిదాకా మోసుకొస్తారు, కాకి పిల్ల కాకికి ముద్దు అని ఎప్పట్నుంచో అంటానే ఉండాము.

నాకు కోపం తెప్పించింది ఆ క్రూరత్వం మాట. మొన్న మా అక్క ఐదు నెలల బిడ్డకి నీళ్లు పోసి, సాంబ్రాణి పట్టి, బుగ్గన దిష్టిచుక్క పెట్టినాక మా అవ్వ పండ్లు బిగబట్టి "నిన్ను కొరుక్కు తింటానే నా తల్లీ" అంటా బుగ్గ గిల్లి, చేతులు బిడ్డ చుట్టూ తిప్పి తన కణతల కాడ మెటికలు విరిచింది. ఆ బిడ్డ దగ్గితే రాత్రంతా కూచునేది కూడా ఆమే. దీన్నే అమెరికాలోని ఏల్ యూనివర్సిటీ వాళ్లు 2015లో పరిశోధించి, సంతోషం మరీ పొంగినప్పుడు మనసు దాన్ని సర్దుకునే దారి కావొచ్చన్నారు.

పని సంగతికొస్తే, హిరోషిమా యూనివర్సిటీలో 2012 పరిశోధనలో కుక్కపిల్లల, పిల్లికూనల ఫోటోలు చూసినాక స్టూడెంట్లు చేతులతో చేసే సున్నితమైన పని ఇంకా జాగ్రత్తగా చేసినారు, పెద్ద కుక్కల ఫోటోలు చూస్తే అంత తేడా రాలేదు. గంటలకొద్దీ స్క్రోల్ చేస్తే పని పోతాది, ఒప్పుకుంటా, అది ఏ వీడియోకైనా అంతే.

అసలు భయపడాల్సింది ఆ ఫార్వర్డులో లేనే లేదు. మన శేషాచలం దేవాంగపిల్లికి చుట్టమైన స్లో లోరిస్‌కి చక్కిలిగింతలు పెట్టే వీడియో 2009లో తెగ తిరిగింది, అది చేతులెత్తితే అందరికీ ముద్దొచ్చింది. పాపం అది భయంతో ఎత్తింది, దాని విషం ఊరేది మోచేతి లోపలి పక్క, కాపాడుకోను చేతులెత్తి దాన్ని నోటికి అందుకుంటాది. అట్ల ముద్దొచ్చే కొద్దీ పెంచుకుందామని అడవుల నుంచి పట్టుకొచ్చి, కరవకుండా పండ్లు పీకి అమ్ముతారు.

అన్నా, ఆ ఫార్వర్డు తీసెయ్. లోరిస్ వీడియో ఎవరన్నా పంపితే దాన్నీ తీసెయ్‌మని చెప్పు. బిడ్డ ఫోటో సాయంత్రం పంపిస్తా.