టేకు పేరు కాదు, చేవ చూసి కొనాలి

సిమెంటు, ఇనుము దగ్గర రూపాయి రూపాయికీ బేరమాడే మనిషి సింహద్వారం దగ్గరికొచ్చేసరికి మెత్తబడతాడు. ‘టేకే వేయించండి’ అంటాడు. ఏ టేకు అని మాత్రం అడగడు.

టేకు అన్నిటికన్నా గట్టి చెక్క అనుకునేవారు చాలామంది. నిజానికి బాగా ఆరిన టేకు ఘనపు మీటరుకు దాదాపు 650 కిలోలు తూగుతుంది. పొలం గట్టున పెరిగే నల్లతుమ్మ అంతకన్నా బరువు, గట్టిదనంలోనూ మిన్న. బండి చక్రాలకు, నాగళ్లకు మన వడ్రంగులు తుమ్మ మొద్దు వెతికింది అందుకే. టేకు గొప్ప వేరేచోట ఉంది. వానాకాలం చెమ్మకు ఉబ్బడం, ఎండలకు కుంచించుకుపోవడం దానికి తక్కువ. ఏళ్లు గడిచినా తలుపు గుమ్మానికి పట్టేయదు. ఉలికి, చిత్రికకు చక్కగా లొంగుతుంది. కాకపోతే అందులోని సిలికా పనిముట్ల పదును తినేస్తుంది. ఆ విసుగు పనివాడికే తెలుసు. సహజంగా ఉండే నూనె, టెక్టోక్వినోన్ అనే పదార్థం చెదలను దూరం పెడతాయి. 1817లో బొంబాయిలో మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ యుద్ధనౌక ఇంగ్లాండులోని హార్ట్‌ల్‌పూల్‌లో ఇప్పటికీ నీటి మీదే ఉంది.

అయితే చెదలను ఆపే శక్తి మాను నడుమ ముదిరిన గోధుమరంగు చేవకే ఉంటుంది. చుట్టూ ఉన్న తెల్ల చెక్క పుచ్చిపోతుంది. లేత మానులో ఉండేది ఎక్కువ ఆ తెల్లే. 1990లలో టేకు తోటల్లో పెట్టుబడి పెడితే 20 ఏళ్లలో లక్షలంటూ ప్రకటనలు హోరెత్తాయి. 1999లో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఇలాంటి సామూహిక పెట్టుబడి పథకాలకు నిబంధనలు తెచ్చింది. ఆ ప్రకటనలు చెట్ల సంఖ్య చూపించి ఆశపెట్టాయి, లోపల చేవ ఎంతన్నది ఎవరికి పట్టింది? ఒకప్పటి బర్మా అయిన మయన్మార్ 2014లో దుంగల ఎగుమతిని నిషేధించింది. ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటల టేకు కూడా మన అడితీలకు వస్తోంది. అయినా ‘బర్మా టేకు’ అన్న మాట మాత్రం బజారు వదల్లేదు.

గోడలో దిగే ద్వారబంధానికి, జల్లు కొట్టే కిటికీకి ముదురు టేకు పెట్టడం దండగ కాదు. లోపలి అల్మారాకూ, మంచానికీ టేకే కావాలన్న పంతం మాత్రం నాకు అర్థం కాదు. వేప చాలు. నల్లమద్ది నిదానంగా ఆరనిస్తే పగుళ్లు తగ్గుతాయి, బరువు మోస్తుంది. ముళ్లచెట్టు ఇంటికి పనికిరాదంటూ తుమ్మను గుమ్మం దాటనివ్వని ఇళ్లున్నాయి. నమ్మకం వాళ్లిష్టం, చెక్కలో మాత్రం ఆ దోషం లేదు. తుమ్మలోనూ తెల్లను పురుగు తొలుస్తుంది కాబట్టి చేవే తీసుకోవాలి.

రంగు పట్టించి పాలిష్ చేశాక తెల్లకూ చేవకూ తేడా కనిపెట్టడం కష్టం. కాబట్టి కోత మిల్లుకు మీరే వెళ్లి పలకల చివర్లు చూడండి. తెల్ల చార ఎక్కువగా ఉన్నవి పక్కన పెట్టించి, ఆ తర్వాతే రేటు మాట్లాడండి.