లైఫ్ సర్టిఫికెట్‌కి బ్లడ్ టెస్టు

మా నాన్నగారికి షుగర్ టెస్టు చేయించడానికి నేనాడిన ఒక చిన్న అబద్ధం పొద్దున్నుంచి తణుకు ఊరంతా తిరుగుతోంది, ఇంకెవరో చెప్పేలోపు నేనే చెప్పేస్తే నయం.

నాన్నగారు పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారు. రాత్రుళ్ళు పదేపదే లేస్తున్నారు, కాలివేలి మీద పుండు మానట్లేదు, టెస్టు మాట ఎత్తితే మాత్రం "షుగర్ ఫ్యాక్టరీ ఊళ్ళో పుట్టినోణ్ణి, నాకేంట్రా షుగరు" అని పేపర్ అడ్డం పెట్టేసుకుంటారు. అక్క ఫోన్లో ఏడ్చింది, అమ్మ అన్నం మానేసింది (సాయంత్రం దాకా). అప్పుడు దిగాడు మా బావ. ఎంబీయే. మనిషిని అతని మంచికోసమే కాస్త అటు నెట్టడం తప్పుకాదంట, దాన్ని నడ్జ్ అంటారంట, థేలర్ అనే ఆయనకి 2017లో నోబెల్ కూడా ఇచ్చారంట. తర్వాత చదివితే తేలిందేంటంటే ఆయన క్యాంటీన్లో పళ్ళు కంటికెదురుగా పెట్టమన్నాడు, వద్దనుకున్నవాడికి పక్కనున్న బజ్జీ తీసుకునే వీలు ఉంచమన్నాడు, పెన్షన్ ఆగిపోద్దని బెదిరించమని ఎక్కడా అనలేదు. ఈ ముక్క బావ చెప్పలేదు.

"నాన్నగారూ, ఈ నవంబర్ నుంచి లైఫ్ సర్టిఫికెట్‌తో పాటు హెచ్‌బీఏ1సీ రిపోర్టు కూడా అప్‌లోడ్ చెయ్యాలంట, పరగడుపున" అన్నాను. (రక్తంలో షుగర్ చూసే టెస్టే అది.)

ఇట్టే నమ్మేశారు. ఎందుకు నమ్మరు? ఎదురుగా కూర్చుని టీ తాగుతున్న మనిషిని నువ్వు బతికే ఉన్నావా, రుజువేది అని ఏటా అడిగే సిస్టమ్ ఇది. 2014లో జీవన్ ప్రమాణ్ అని ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్ వచ్చాక కాగితం పట్టుకుని బ్యాంకు మెట్లెక్కే బాధ తప్పింది, నిజమే, కానీ మిషన్ మీద నాన్నగారి బొటనవేలు పెడితే గీతలు పడట్లేదంటుంది, ఏళ్ళ తరబడి కవర్ల మీద స్టాంపులు గుద్దిన వేలు మరి, పోనీ ఫోన్లో మొహం చూపిద్దామంటే కళ్ళు ఆర్పమంటుంది, ఆర్పితే వెలుతురు చాలదంటుంది, మా నాన్నగారు కిటికీ దగ్గర నిలబడి ఫోన్‌కి కన్నుకొడుతుంటే ఎదురింటావిడ తలుపేసుకుంది. ఇన్ని అడిగినవాళ్ళు రక్తం మాత్రం అడగరా? "మెడికల్ అలవెన్సని నెలకి వెయ్యి పడేసి రక్తం కూడా పీలుస్తారా" అని తిట్టుకుంటూ ఒప్పుకున్నారు.

అయితే ఆయనకో పెన్షనర్ల వాట్సాప్ గ్రూపుంది.

పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్తే లోపల కాలు పెట్టే చోటు లేదు. మంకీ క్యాపులు, గుడ్డ సంచులు, చేతుల్లో పీపీఓ (పెన్షన్ ఆర్డర్) జిరాక్సులు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు. మెసేజీ రాత్రికి రాత్రే పెరిగింది: 80 దాటినవాళ్ళు రెండు బాటిళ్ళివ్వాలంట, ఫ్యామిలీ పెన్షన్ అయితే భర్త పాత రిపోర్టులు కూడా తేవాలంట. ఒక పెద్దావిడ ఆ పాత రిపోర్టులు నిజంగానే తెచ్చింది. నాన్నగారు గర్వంగా "మావాడే చెప్పాడు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరు" అనగానే అందరూ నా చుట్టూ చేరారు. ఒకాయన నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగి "బాబూ, నేను ఇన్సులిన్ మీదున్నాను, పెన్షన్ తగ్గిస్తారా?" అని గుసగుసగా అడిగాడు. లేదండీ లేదండీ అన్నాను. నాకు శుక్రాచార్యుడు గుర్తొచ్చాడు. ఆయనా శిష్యుడి మంచికోసమేగా కమండలం తొండంలో దూరి దానానికి అడ్డంపడింది, దర్భపుల్లతో కన్ను పొడిపించుకుంది. అయినా ఆయన పని నయం, అక్కడ బలిచక్రవర్తి ఒక్కడే, వెనకాల టోకెన్ తీసుకుని ఇంకో గ్రూపు బలిచక్రవర్తులు లేరు.

ఇంతలో కౌంటర్లో కుర్రాడు తాపీగా "హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదండీ, అది రెండు మూడు నెలల యావరేజీ, ఇడ్లీ తిన్నా మారదు" అన్నాడు. ఆకలి మీదున్న పెన్షనర్లు! "అయితే సర్క్యులర్లో పరగడుపున అని ఎందుకేశారు?" అని అసోసియేషన్ సెక్రటరీగారు కౌంటర్ మీద చరిచారు. కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించాడు, నా మొహం చూశాడు, వాడికి అర్థమైపోయింది. లోపలికెళ్ళి వచ్చి గాజు తలుపు మీద ప్రింటౌటు అంటించాడు: "లైఫ్ సర్టిఫికెట్ స్పెషల్ ప్యాకేజీ, థైరాయిడ్, విటమిన్ డి కలిపి". అబద్ధం నాది, లాభం వాడిది. పైగా నాకు డిస్కౌంట్ కూడా ఇవ్వలేదు వెధవ.

సాయంత్రం రిపోర్టులొచ్చాయి. 6.5 ఉంటేనే షుగర్ అంటారు, నాన్నగారికి 9 దాటింది. డాక్టర్ దగ్గరికి వెళ్దాం అంటే "ముందు అప్‌లోడ్ అయ్యిందా లేదా చెప్పు, సర్వర్ బిజీ అయిపోద్ది" అంటున్నారు. అయ్యింది అన్నాను, మరేమంటాను.

ఇందాక సెక్రటరీగారి ఫోను. గ్రూపులో ఇంకో ఇద్దరికి కొత్తగా షుగర్ బయటపడిందంట, చాలా మేలు చేశావు నాయనా అన్నారు, నేను కొంచెం పొంగిపోయాను కూడా. "టెస్టు ఖర్చులు డిపార్ట్‌మెంట్ నుంచి రాబట్టాలని తీర్మానం చేశాం. రేపే రిప్రజెంటేషన్ పంపిస్తున్నాం. ఆ సర్క్యులర్ నంబరూ తేదీ కాస్త వాట్సాప్ చెయ్యవా?"

బావ నంబర్ ఇచ్చాను.