గొల్లభామకు అమెరికా స్టేజీ మీద చోటుందా?

అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మనవాళ్ల పిల్లలు ఇప్పుడు కూచిపూడి తరంగాలు, తిల్లానాలతో ఆగడం లేదు. జాతి వివక్ష మీద, గృహహింస మీద, వాతావరణ మార్పు మీద నృత్యరూపకాలు కడుతున్నారు. ఆ వీడియోలు అమలాపురం, భీమవరం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటే అమ్మమ్మలూ తాతయ్యలూ మురిసిపోతున్నారు. మురిసిపోవాల్సిందే. కానీ ఆ స్టేజీ ఎక్కుతున్న అన్యాయాలన్నీ ఎవరో పరాయివాళ్లు చేసినవే. మన ఊరు చేసినది అందులో ఏదీ?

దక్షిణాసియా ప్రవాసుల నాటకం సొంత దెబ్బలోంచే పుట్టింది. 1976లో లండన్ సౌతాల్‌లో గుర్‌దీప్ సింగ్ చగ్గర్ అనే సిక్కు కుర్రాణ్ని పొడిచి చంపితే, ఆ కోపంతో జతీందర్ వర్మ, అతని మిత్రులు తారా ఆర్ట్స్ అనే నాటక సంస్థ పెట్టారు. అమెరికాలోని మినెసోటాలో నృత్య బృందం పెట్టిన అనన్య ఛటర్జీ ఒడిస్సీ నేర్చుకున్న మనిషే. అయినా ఆ నాట్యానికి శాస్త్రీయ ముద్ర వేసేటప్పుడు ఎవరిని వెనక్కి నెట్టారో గట్టిగానే అడిగింది.

మనం కూడా కూచిపూడి గురించి అదే అడిగితే, జవాబు వెతుక్కుంటూ గోదావరి డెల్టాకే రావాలి. మురమండ, మండపేట, ముమ్మిడివరం, అత్తిలి దగ్గర బల్లిపాడు, తరతరాలుగా ఆటపాటలే వృత్తి అయిన కళావంతుల ఊళ్లు. గుళ్లో కేళిక, జమీందారు ఇంట కచేరీ, పెళ్లి ఊరేగింపులో మేళం వాళ్లవే. క్షేత్రయ్య పదం పట్టి, కూర్చున్నచోట కూర్చునే ఒక్కో మాటకు పది రకాల అభినయం చూపించిన స్త్రీలు వాళ్లు. రాజమండ్రిలో వీరేశలింగం పంతులు ఈ మేళాల మీద కత్తి దూశారు. 1947లో ఆడపిల్లల్ని దేవదాసీలుగా గుడికి అంకితం చేయడాన్ని నిషేధిస్తూ మద్రాసు చట్టం వచ్చింది. అది చాలదని 1956లో ఆంధ్రలో సవరణ తెచ్చి, పెళ్లిళ్లలో, వేడుకల్లో వాళ్లు ఆడటాన్ని కూడా నేరం చేశారు. 1958లో ఢిల్లీ నాట్య సదస్సులో మన పెద్దలు కూచిపూడికి శాస్త్రీయ హోదా కావాలని వాదించారు. రెండేళ్ల తేడా! ఆ వ్యవస్థలో దోపిడీ లేదని ఎవరూ అనరు. మరి దోచుకున్న జమీందారుకు ఏ శిక్ష పడింది? గజ్జె మాత్రం ఆగిపోయింది. తర్వాత నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ లాంటివారు ఊరూరా తిరిగి, మిగిలిన ఆ వృద్ధ కళాకారిణులను వెతికి, ఆంధ్రనాట్యం పేరుతో కొంతైనా నిలబెట్టారు. లేకపోతే అదీ పోయేది.

సామాజిక న్యాయం అనగానే కొత్త థీమ్ కోసం వెతుకుతున్న ప్రవాస గురువులకు నేను చెప్పేది ఒకటే: మన పాత నృత్యరూపకం గొల్లకలాపం తీయండి. చల్ల అమ్ముకునే గొల్లభామ ఒక బ్రాహ్మణుణ్ని నిలదీస్తుంది. బ్రాహ్మణత్వం పుట్టుకతో వస్తుందా, జ్ఞానంతో వస్తుందా అని అడుగుతుంది. తల్లి కడుపులో పిండం ఎలా ఏర్పడుతుందో నెల నెలా వర్ణించి, అందరూ పుట్టేది ఒకేలా కదా అంటుంది. యజ్ఞం ఏమిటో కూడా ఆమే వివరిస్తుంది. ముమ్మిడివరం అన్నాబత్తుల వారి లాంటి కళావంతుల ఇళ్లలో స్త్రీలు దీన్ని ఆడారు. కులం చేత అవమానాలు పడిన మనిషి నోట ఆ ప్రశ్న వస్తే ఎంత పదునుగా ఉండి ఉంటుందో ఊహించండి. మనకు మిగిలింది మాత్రం చల్లకుండ నెత్తిన పెట్టుకుని వయ్యారంగా నడిచే పది నిమిషాల ఐటమ్. వాదం పోయింది, వయ్యారం మిగిలింది.

ఎందుకు పోయిందో చెప్పక్కర్లేదు, కులం మాట ఎత్తడం మనకు ఇష్టం ఉండదు. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది అలాంటి కాలిఫోర్నియా బిల్లును గవర్నర్ వెనక్కి పంపారు. ఆ గొడవ జరిగినన్నాళ్లూ మన ఆడిటోరియాల్లో కృష్ణుడు వెన్న దొంగిలిస్తూనే ఉన్నాడు. 2022 మేలో కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెడుతున్నారని అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. దాని మీద ఒక్క జతి కట్టిన కోనసీమ ఎన్నారై ఉన్నాడా?

అమెరికాలో పుట్టిన పిల్లలకు వాళ్ల స్కూల్లో ఎదురయ్యే వివక్షే నిజమైన సమస్య, తాతల నాటి కులం గొడవ వాళ్ల నెత్తిన ఎందుకు అంటారు. పరాయి దేశంలో మన పరువు మనమే తీసుకోవాలా అని కూడా అంటారు. మొదటి మాట కొంత నిజమే. కానీ అక్కడి తెలుగువాళ్ల పెళ్లి సంబంధాల ప్రకటనల్లో కులం కాలమ్ తాతలు రాసింది కాదు.

అసలు ప్రవాసం అంటే అమెరికానే అని ఎవరు తేల్చారు? డెల్టా నుంచి మొదట ఓడ ఎక్కింది సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కాదు. కోరంగి రేవు నుంచి వెళ్లిన కూలీలను బర్మాలో కోరంగీలు అనేవారు. 1930లో రంగూన్ ఓడరేవు అల్లర్లలో చచ్చింది ఎక్కువగా ఆ తెలుగు కూలీలే. వాళ్ల మీద నృత్యరూపకం లేదు. ఇవాళ రాజోలు, నరసాపురం వైపు ఏ పేట చూసినా కువైట్‌కో మస్కట్‌కో ఖద్దామా పనికి, అంటే ఇంటి పనిమనిషిగా, వెళ్లిన ఆడమనిషి ఉన్న ఇల్లు కనిపిస్తుంది. ఏజెంటుకు అప్పు చేసి కట్టిన డబ్బు, యజమాని దగ్గర ఇరుక్కున్న పాస్‌పోర్టు, ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు. వీళ్లూ ఎన్నారైలే. వీళ్లు పంపిన డబ్బుతోనూ రాములవారి గుడికి రంగులు పడుతున్నాయి, కానీ శిలాఫలకం మీద పేర్లు డల్లాస్, న్యూజెర్సీ వాళ్లవి.

సంక్రాంతికి ప్రభల తీర్థం చూడటానికి వచ్చే ప్రవాసులు ఇక్కడి నాటక పోటీలకు చందాలు ఇస్తున్నారు, సంతోషం. ఈసారి ఆ చందాలో కొంత ఖద్దామాగా పనిచేసి తిరిగొచ్చిన ఆడవాళ్లు తమ కథ తామే ఆడే నాటకానికి ఇవ్వండి. మరికొంత గొల్లకలాపం మొత్తాన్ని, పిండోత్పత్తి వాదంతో సహా, కళావంతుల కుటుంబాల వారసుల చేతే ఆడించడానికి ఇవ్వండి. ఆ రెండింటినీ డల్లాస్‌లో, న్యూజెర్సీలో తెలుగు సంఘాల మహాసభల స్టేజీ ఎక్కించండి. వీసాలూ టిక్కెట్లూ ఇప్పించడం ఆ సంఘాలకు కొత్త కాదు. సినిమా హీరోయిన్లకు ఏటా ఇప్పిస్తూనే ఉన్నారు.