మణికట్టు మహాత్మ్యం

పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలుంటాయని వైద్యశాస్త్రం చెబుతోంది. వాటిలో ఏ ఒక్కటీ చిన్నబుచ్చుకోకుండా అన్నింటినీ పేరుపేరునా పలకరించే పెద్ద మనసు మాత్రం మన విశాఖపట్నం వేసవి శిబిరాల టేబుల్ టెన్నిస్ కోచ్‌లకే ఉంది.

“మణికట్టు వదులు! మోచేయి ఒంటికి దగ్గర! భుజం కిందకి! మోకాళ్లు వంచు! నడుము తిప్పు! బరువు కుడికాలి మీంచి ఎడమకాలి మీదకి! తల కదపకు! ఏట్రా అది, చెప్తున్నది నీకే!”

ఇదంతా ఒక్క ఫోర్‌హ్యాండ్‌కి, అంటే బ్యాట్ పట్టిన చేతి వైపు నుంచి కొట్టే ఒక్క దెబ్బకి. కొట్టాల్సినవాడి వయసు ఎనిమిదేళ్లు. మొన్నటిదాకా బ్యాట్ అంటే క్రికెట్ బ్యాట్ ఒక్కటే అనుకున్నవాడు. ఎంవీపీ కాలనీ అనండి, సీతమ్మధార అనండి, గాజువాక అనండి, ఎక్కడికెళ్లినా ఇదే దండకం. ఇంత దండకంలోనూ ఒక్కదాని పేరు రాలేదు, గమనించారా? బంతి.

అసలు మొదట్లో బంతే ఇవ్వరు. అద్దం ముందు నిలబెట్టి గాలిని కొట్టిస్తారు. దాన్ని షాడో ప్రాక్టీస్ అంటారు. ఆటలో దానికీ ఓ చోటుంది, పెద్ద ఆటగాళ్లూ చేస్తారు, కాదనను. కానీ బంతి ఎలా ఎగురుతుందో ఎరగని పసివాడు గాలిని ఎంత అందంగా కొడితే ఏం లాభం? కొన్నాళ్లకి పిల్లలంతా గాలి మీద తిరుగులేని ఆధిక్యం సంపాదిస్తారు. ఆ తర్వాత బంతి వస్తుంది. అది గాలిలా ఊరుకోదు, ఎదురొస్తుంది.

ఇక గోడవార ప్లాస్టిక్ కుర్చీల్లో కొలువుదీరిన తల్లిదండ్రులను చూడాలి. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మన ఆకుల శ్రీజ మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది కదా, ప్రతి కుర్చీలోనూ ఆ పతకం తమ షోకేసులో పెట్టుకునే చోటు వెతుకుతున్న మనిషే. ఒక నాన్నగారు ఫోనులో స్లో మోషన్ పెట్టి కొడుకు మోచేతిని చిత్రీకరిస్తున్నారు. పక్కాయనకి చూపించి, “తొంభై డిగ్రీలుండాలి సార్, నూటపది వస్తోంది” అని బాధపడుతున్నారు. ఉద్యోగం ఏ ప్లాంటులోనో గాని, కొలతల్లో పండిపోయిన మనిషి. “చిన్నా, మోచెయ్యి చూసుకో నాన్నా!” అని కేకేశారు. వాడు విధేయుడు. చూసుకున్నాడు. సరిగ్గా వాడు మోచేతిని చూసుకుంటున్నప్పుడే బంతి వచ్చి, టేబుల్ మీద ఓసారి ఎగిరి, వాడి చెవి పక్కనుంచి వెళ్లిపోయింది.

“చూశారా, నడుము తిరగలేదు” అన్నారు కోచ్‌గారు.

బంతి కుర్చీల కిందకి దొర్లిపోయింది. తేవడానికి పిల్లవాడే వెళ్లాడు. ఆ కాసేపట్లో జరిగింది చూడటానికి అక్కడ ఎవరికీ తీరిక లేదు, అందరూ ఫోనులో మోచేతిని రీప్లే చేసుకుంటున్నారు. వాడు మోకాళ్లు వంచాడు. నడుము తిప్పాడు. ఒక అమ్మగారి హ్యాండ్‌బ్యాగుకీ ఇంకొకాయన చెప్పులకీ మధ్య సందులోకి భుజం దించి చెయ్యి పోనిచ్చాడు. బంతి వేళ్లకి తగిలి ఇంకాస్త జరిగితే, బరువు ఒక కాలి మీంచి రెండో కాలి మీదకి మార్చి, మణికట్టు వదులుగా తిప్పి టక్కున పట్టేశాడు. లేచి అక్కణ్నుంచే బుట్టలోకి విసిరాడు. పడింది. కోచ్‌గారి దండకం మొత్తాన్ని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, ఎవరూ చెప్పకుండానే చేసి చూపించాడు. కారణం ఒక్కటే. వాడికి అప్పుడు కావలసింది బంతి, మోచెయ్యి కాదు.

దీని గురించి దేశదేశాల్లో పరిశోధనలు కూడా జరిగాయండీ. గాబ్రియేల్ వుల్ఫ్ అని ఒకావిడ, 1998లో తోటివాళ్లతో కలిసి స్కీయింగ్ నేర్పే యంత్రం మీద కొత్తవాళ్లను నిలబెట్టారు. కొందరిని పాదాలు వేసే ఒత్తిడి మీద, కొందరిని ఆ పాదాల కిందున్న చక్రాల మీద ధ్యాస పెట్టమన్నారు. తేడా చూస్తే అంగుళాల్లోనే. కానీ చక్రాల వాళ్లు బాగా నేర్చుకున్నారు. 2005లో బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రోల మీద ఇంకో ప్రయోగం. మణికట్టు గురించి ఆలోచించినవాళ్ల కంటే రింగు గురించి ఆలోచించినవాళ్ల గురి మెరుగు, పైగా చేతి కండరాల శ్రమ తక్కువ. మణికట్టుని తలుచుకుంటే గురీ పోతుంది, చెయ్యీ నొస్తుంది అన్నమాట.

కారణం ఇదీ అంటారు ఆ పరిశోధకులు: తనంతట తాను సర్దుకునే పనిలో బుర్ర తల దూరిస్తే ఆ పని కాస్తా బిగుసుకుపోతుంది. మన భాషలో చెప్పాలంటే కలెక్టరేట్ సమీక్షా సమావేశం. మామూలుగా బంతి రాగానే చెయ్యి వెళ్లి కొట్టేది. ఇప్పుడు ఫైలు పెట్టాలి. మోచేతి శాఖ నుంచి నివేదిక రావాలి. భుజం శాఖ అభ్యంతరం తెలిపింది. మోకాలి శాఖ అధికారి సెలవులో ఉన్నారు. నడుము శాఖ, ఇది తమ పరిధిలోకి రాదని రాసి పంపింది. టేబుల్ పొడవు 2.74 మీటర్లు, కొత్తవాళ్ల ఆటలోనైనా అంత దూరం రావడానికి బంతికి సెకను పట్టదు. సంతకాలు పూర్తయ్యేసరికి బంతి కుర్చీల కింద ఉంటుంది.

ఇంకో ముచ్చట ఉంది, ఇది అచ్చంగా మన ఆటదే. 2001లో లియావో, మాస్టర్స్ అని ఇద్దరు పరిశోధకులు, కొత్తవాళ్లకి టాప్‌స్పిన్ ఫోర్‌హ్యాండ్ (బంతి ముందుకి గిరగిరా తిరుగుతూ వెళ్లేలా కొట్టేది) రెండు రకాలుగా నేర్పారు. కొందరికి మన కోచ్‌గారి పద్ధతి, సూచనల జాబితా. మిగతావాళ్లకి ఒకటే మాట: బ్యాట్‌తో లంబకోణ త్రిభుజం గీస్తున్నట్టు ఊహించుకోండి, కర్ణం వెంట పైకి వెళ్తూ బంతిని కొట్టండి. నేర్చుకోవడం ఇద్దరూ నేర్చుకున్నారు. తీరా ఒత్తిడి పెట్టి చూస్తే జాబితావాళ్లు తడబడ్డారు, త్రిభుజంవాళ్లు నిలబడ్డారు. మ్యాచ్‌లో టెన్షన్ పుట్టగానే జాబితా అంతా ఒక్కసారి గుర్తుకొస్తుంది మరి.

కోచ్‌ల తరఫున కూడా చెప్పాలి, లేకపోతే పక్షపాతం అంటారు. 2002లో బైలాక్ అనే పరిశోధకురాలి బృందం ఫుట్‌బాల్ డ్రిబ్లింగ్ (బంతిని కాలితో తడుతూ తీసుకెళ్లడం) చేయించి చూస్తే, కొత్తవాళ్లు ధ్యాస వేరే పని మీదకి మళ్లినప్పటి కంటే తమ పాదం మీద దృష్టి ఉన్నప్పుడే బాగా ఆడారు. నిజమే. అయితే ఒక్క పాదం, అదీ బంతికి తగిలే పక్క. ఏడు అవయవాల ఊరేగింపు కాదు. 2024లో మెకే అనే పరిశోధకుడి బృందం వుల్ఫ్‌గారి వాదానికి ఇంకా గట్టి దెబ్బే వేసింది. ధ్యాస ఒంటి మీద కాక బయట పెట్టమనే ప్రయోగాల్లో అనుకూలంగా వచ్చినవే ఎక్కువగా అచ్చుకెక్కాయని, ఆ పక్షపాతం తీసేసి చూస్తే లాభం చాలా తగ్గిపోవచ్చని లెక్కలు వేసి చూపించింది. మంచిది. వుల్ఫ్‌గారి లాభం తగ్గినంత మాత్రాన మన కేకల లాభం పెరిగిందని మాత్రం ఏ లెక్కలోనూ తేలలేదు.

మరి ఎందుకు అరుస్తారు? చెప్తాను. ఆ కేకలు పిల్లవాడి కోసం కాదు, కుర్చీల కోసం. అవతలి మూలన ఒక తెల్ల కాగితం పెట్టి “నాన్నా, దాని మీద పడేలా కొట్టు” అని చెప్పి ఊరుకుంటే వాడికి ఆట వస్తుందేమో గాని, ఆ మాత్రం దానికి వేలకి వేలు ఫీజు ఎవరిస్తారు? కాగితం మన ఇంట్లోనూ ఉంది. అదే “భుజం! మోచెయ్యి! బరువు మార్పు!” అని అరగంట వినిపిస్తే, అబ్బో విషయం ఉన్న మనిషి అనుకుంటూ వచ్చే నెలకి కూడా కట్టేస్తాం.

ఇదంతా నవ్వుకుని వదిలేయొచ్చు. నాకు ఒళ్లు మండేది శిబిరం ఆఖరి రోజున. కోచ్‌గారు తండ్రిని పక్కకి పిలుస్తారు. పిల్లవాడు వింటూండగానే అంటారు, “మీవాడికి ఏకాగ్రత లేదండీ.” లేకపోవడమేమిటి? ఏడు చోట్ల పెట్టమన్నది మీరు. ఏడు చోట్లా పెట్టాడు వాడు. చెప్పింది చెప్పినట్టు చేసిన పిల్లవాణ్ణి పట్టుకుని, చేతకానితనం మీది పెట్టుకుని, ఆ మాట ఎలా వస్తుందండీ నోటికి? అది ఆ హాల్లోనే ఉండిపోదు. ఇంటికి వస్తుంది. లెక్కల్లో మార్కులు తగ్గితే “టీటీ సారు అప్పుడే చెప్పారు”. పాలగ్లాసు ఒలికితే “ఏకాగ్రత లేదు”. మరుసటేడు ఆ వేసవి కాస్తా ఐఐటీ ఫౌండేషన్‌కి పోతుంది, బ్యాట్ అటక మీదకి పోతుంది. సాయంత్రంపూట హాయిగా బంతి కొట్టుకోవాల్సిన పిల్లవాడికి, నీలో ఏదో లోపం ఉందని డబ్బు కట్టి మరీ నేర్పించాం. తండ్రి అక్కడ తల ఊపుతూ నిలబడతాడు చూడండి, ఆయన మీద ఇంకా కోపం నాకు.

ప్రభుత్వాన్ని నేనేమీ కోరడం లేదు. వచ్చే మే నెలకి ఆ ప్లాస్టిక్ కుర్చీలను రోడ్డు వైపు తిప్పి వేయించండి చాలు. వినేవాళ్లు లేకపోతే సగం అవయవాలు వాటంతటవే నోరు మూసుకుంటాయి.

అలా కుదరదంటారా, కనీసం ఫ్యాన్లయినా వేయించండి. 2.7 గ్రాముల బంతి గాలికి దారి తప్పుతుందని, విశాఖ ఉక్కపోతలో, మిట్టమధ్యాహ్నం కూడా, ఆ హాళ్లలో ఫ్యాన్లు కట్టేసి ఉంచుతున్నారు. పిల్లలు నిలువునా తడిసిపోతున్నారు. లోపల ఒక్కడూ బంతి వంక చూడటం లేదు కదా, అది గాలికి ఎటు పోతే ఎవరికి నష్టం?