అమెరికా బాక్టీరియా మన నాచును అరిగించుకోలేదు

రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బాక్టీరియా పేరు వింటేనే బాపట్ల, రేపల్లె వైపు రొయ్యల రైతులకు టెన్షన్. చెరువుకు చెరువే తుడిచిపెట్టుకుపోతుందని భయం. అదే జాతికి చెందిన విబ్రియో స్ప్లెండిడస్ జన్యువులను, ల్యాబుల్లో ఎక్కువగా వాడే ఈ.కోలై బాక్టీరియాలోకి చేర్చి, 2012లో అమెరికాలోని బయో ఆర్కిటెక్చర్ ల్యాబ్ శాస్త్రవేత్తలు గోధుమరంగు సముద్రపు నాచు నుంచి నేరుగా ఇంధనంగా వాడే ఇథనాల్ తీశారు. ఆ నాచులో ఆల్జినేట్ అనే చక్కెరల గొలుసు ఉంటుంది. మామూలు ఈ.కోలై దాన్ని ముట్టుకోదు. కొత్త జన్యువులు వచ్చాక గొలుసును బయటే తెంపి, ముక్కలను లోపలికి లాక్కుని తినేసింది. లెక్క ప్రకారం రాగలిగిన ఇథనాల్‌లో 80 శాతం దాకా వచ్చింది.

అదే బాక్టీరియాను తెచ్చుకుంటే మనకూ పని జరుగుతుందా? జరగదు. మన దేశంలో ప్రధానంగా సాగు చేసేది కప్పాఫైకస్, ఎర్ర నాచు. అందులో ఉండేది ఆల్జినేట్ కాదు, క్యారజీనన్. దాన్ని తెంపడానికి వేరే ఎంజైములు కావాలి. తెంపితే వచ్చే రెండు చక్కెరల్లో గెలాక్టోజ్‌ను ఈ.కోలై తింటుంది, రెండోదాన్ని వదిలేస్తుంది. మన నాచుకు సరిపడే బాక్టీరియాను మనమే తయారు చేసుకోవాలి.

ఇంధనం జోలికి మాత్రం పోవద్దంటాను. పచ్చి నాచులో పది పాళ్లకు ఎనిమిది, తొమ్మిది పాళ్లు నీళ్లే. ఆరబెట్టి, మోసుకొచ్చి, లీటరు ఇథనాల్ ధరకు అమ్మితే గిట్టదు. అదే గెలాక్టోజ్‌ను ట్యాగటోజ్ అనే మరో చక్కెరగా మారిస్తే సంగతి వేరు. మామూలు చక్కెరకు దాదాపు సమానమైన తీపి, కేలరీలు సగం కంటే తక్కువ.

ఉప్పు ఇంకో తలనొప్పి. ఎండిన నాచు మీద తెల్లగా పేరుకునే ఉప్పును కడగాలంటే మంచినీళ్లు కావాలి. డెల్టా చివరి భూములకే నీళ్లు అందని చోట అది కుదిరే పని కాదు. విబ్రియోల్లోనే ఇంకోటైన విబ్రియో నేట్రిజెన్స్‌కు ఉప్పునీళ్లే ఇష్టం, పది నిమిషాల లోపే రెట్టింపవుతుంది. మన పరిశోధన దాంతో మొదలవ్వాలి.

2022 జిల్లాల విభజనతో గుంటూరుకు తీరం పోయింది, అయినా పరిశోధనకు నాగార్జున యూనివర్సిటీ ఉంది. 2024లో కేంద్రం తెచ్చిన, బయోటెక్నాలజీతో తయారీని ప్రోత్సహించే బయోఈ3 విధానం సరిగ్గా ఇలాంటి పనుల కోసమే. కానీ 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. పైగా కృష్ణకు వరదొస్తే సముద్రంలో ఉప్పదనం తగ్గి నాచు చస్తుంది. కాబట్టి బాక్టీరియాను పెంచే ట్యాంకులు కొనకముందే, నిజాంపట్నం దగ్గర రెండు సీజన్లు నాచు వేసి చూడాలి. నాచు పెంచే తెప్పలు కొట్టుకుపోతే నష్టం మత్స్యకార కుటుంబాల మీద పడకుండా బీమా ముందే కట్టాలి.