పదవీ విరమణ లేని డబ్బాలు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగి 62 ఏళ్లకు పదవీ విరమణ చేస్తాడు. తెలంగాణలో 61కే దండ వేసి, శాలువా కప్పి, ఇంటికి పంపిస్తారు. ఐస్‌క్రీం డబ్బాకు ఈ రెండు రాష్ట్రాలలోనూ వయోపరిమితి లేదు. దాని ఉద్యోగం అసలు మొదలయ్యేదే ఐస్‌క్రీం అయిపోయిన రోజున. కడిగి, బోర్లించి, ఆరబెట్టిన మరుక్షణం అది ఇంటి సర్వీసులో చేరినట్టే. మొదటి పోస్టింగు ఫ్రిజ్‌లో, కరివేపాకు సెక్షన్‌లో. అక్కడ కొంత అనుభవం గడించాక, ఇంగువ వాసన పట్టిందనో మూత సరిగా పడటం లేదనో స్నానాల గదికి బదిలీ అవుతుంది. పిన్నులు, రబ్బరు బ్యాండ్లు, సగం పళ్లూడిన దువ్వెన దాని అధీనంలోకి వస్తాయి. తర్వాత సబ్బుపొడి తోడిపెట్టే డెప్యుటేషన్. చివరికి అడుగున చిల్లు పడుతుంది. ఏ ఉద్యోగికైనా అక్కడితో సరి. డబ్బాకు మాత్రం పదోన్నతి. బాల్కనీలో కొత్తిమీర చల్లడానికి నీళ్లు కారిపోయే కుండీయే కదా కావాలి!

ఇంత క్రమశిక్షణతో నడుస్తున్న వ్యవస్థ మీద ఇప్పుడు దాడి జరుగుతోంది. ఫోను తెరిస్తే చాలు, ఎవరో ఒకరు వంటిల్లు సర్దుతూ కనిపిస్తారు. తెల్లటి గోడలు, తెల్లటి అరలు, ఒకే ఎత్తు గాజు సీసాలు, వాటికి చెక్క మూతలు, ఒక్కోదాని మీద ముద్దుగా రాసిన చీటీ. ఎక్కడా నూనె చుక్క లేదు. పోపు చిట్లిన ఆనవాలు లేదు. ఆ వంటింట్లో ఎవరైనా ఆవకాయ కలిపారంటే నేను నమ్మను. కనీసం కాకరకాయ వేయించినట్టు ఒక్క సాక్ష్యమైనా చూపించాలి.

ఈ ఉద్యమాన్ని ప్రపంచమంతా మోసుకెళ్లిన మహిళ జపాన్‌కు చెందిన మారీ కోండో. ఆమె పుస్తకం స్వదేశంలో 2010లో వచ్చింది. 2019 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ కార్యక్రమంతో ఇంటింటికీ చేరింది. సూత్రం సులభం. వస్తువును చేతిలోకి తీసుకోవాలి. మనసులో ఆనందం మెరిస్తే ఉంచుకోవాలి, మెరవకపోతే కృతజ్ఞతలు చెప్పి సాగనంపాలి. ఈ పరీక్షను తెలుగు వంటింట్లో నిష్పక్షపాతంగా అమలు చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. కుక్కరు గ్యాస్కెట్టును చేతిలోకి తీసుకుని ఆనందం కోసం ఎదురుచూడాలి. తర్వాత జల్లెడ. తర్వాత పట్టకారు. ఈ లెక్కన మధ్యాహ్నానికి వంటింట్లో మిగిలేది బెల్లం ముక్క ఒక్కటే. ఇక ఆడపడుచు పెళ్లికి పేర్లు చెక్కించి పంచిన స్టీలు గిన్నెల సంగతి. వాటిని చూస్తే ఆనందం మెరవదు, నిజమే. కానీ పారేస్తే వచ్చే సంక్రాంతికి ఆడపడుచు వస్తుంది. పాయసం ఆ గిన్నెలోనే అడుగుతుంది. ఆ క్షణాన మెరిసేది ఏమిటో జపాన్ సూత్రాలలో రాయలేదు.

ఆ కథ తర్వాతి మలుపులు మన ప్రచారకులు చెప్పరు. కార్యక్రమం వచ్చిన ఏడాదే, నవంబరులో, కోండో ఆన్‌లైన్ దుకాణం తెరిచారు. ఇంట్లో వస్తువులు తగ్గించుకున్న భక్తులకు అక్కడ శ్రుతిదండాన్ని, అంటే తడితే మోగే ట్యూనింగ్ ఫోర్కును, స్ఫటికంతో కలిపి 75 డాలర్లకు అమ్మారు. 2023 జనవరి నాటికి, మూడో బిడ్డ పుట్టాక, ఇల్లు సర్దడం తాను చాలావరకు వదిలేశానని ఆమే చెప్పారు. ఆ నిజాయితీకి నమస్కారం. మన అమ్మమ్మలు ఎనిమిదిమందిని పెంచి కూడా ఏదీ వదిలేసినట్టు ప్రకటన ఇవ్వలేదు. ప్రకటన ఇవ్వడానికి వాళ్లకు తీరిక దొరకలేదు.

అసలు కిటుకు ఆ దుకాణంలోనే ఉంది. సామాను తగ్గించుకునే మార్గం ఏదైనా సరే, కొత్త సామాను కొనడంతోనే మొదలవుతుంది. డబ్బాలు ఎక్కువయ్యాయని డబ్బాలు సర్దే బుట్టలు కొనాలి. బుట్టలు పట్టేలా సొరుగులు మార్చాలి. సొరుగుల్లో అడ్డుగోడలు, గోడకు అంటించే కొక్కేలు, గుండ్రంగా తిరిగే పళ్లెం, మసాలాలకు మెట్ల స్టాండు. ఇవన్నీ వచ్చిన అట్టపెట్టెలు గట్టిగా ఉంటాయి, పారేయడానికి చేతులు రావు, అటక ఎక్కుతాయి. పాత డబ్బాలు ఆ పెట్టెల్లోకి వెళ్తాయి. సర్దడం పూర్తయ్యాక లెక్క చూస్తే ఇంట్లో ఏదీ తగ్గదు, బ్యాంకులో తప్ప.

గాజు సీసాల మీద నాకు రాజ్యాంగపరమైన అభ్యంతరం కూడా ఉంది. మన వంటింట్లో హార్లిక్స్ సీసాలో హార్లిక్స్ ఉండదు. అందులో మినప్పప్పు. కాఫీ సీసాలో మెంతులు. బిస్కట్ల డబ్బాలో సూదీ దారం. ఈ రహస్యం ఇంట్లో అందరికీ తెలుసు. దొంగకూ కొత్త కోడలికీ మాత్రమే తెలియదు. కోడలికి ఏడాదిలో తెలుస్తుంది. దొంగకు తెలియకూడదనే ఈ ఏర్పాటు, ఎందుకంటే పోపుల డబ్బా కిందా, కందిపప్పు అడుగునా తెలుగు గృహిణి నడిపిన బ్యాంకు ఉండేది. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవని ప్రకటించాక గాని ఆ బ్యాంకు ఆస్తులు ఇంటి యజమానులకు తెలియలేదు. భర్తకు చెప్పని పొదుపు జీలకర్ర వాసనతో బయటికి వచ్చింది. అటువంటి సంస్థను ఇప్పుడు పారదర్శకమైన గాజులోకి మార్చమంటున్నారు. పారదర్శకత గొప్ప విలువే. ముందు ప్రభుత్వ కార్యాలయాల్లో మొదలుపెడితే, వంటింటి సంగతి తర్వాత చూద్దాం.

డబ్బాల చర్చలో టప్పర్‌వేర్ పేరెత్తకపోతే అపచారం. 1946లో అమెరికాలో పుట్టిన ఆ డబ్బా మన ఇళ్లకు వచ్చాక దానికి దక్కిన గౌరవం పెద్దల్లుడికి కూడా దక్కలేదు. పిల్లవాడు బడిలో పెన్సిలు పోగొట్టుకుంటే క్షమిస్తారు; ఆ డబ్బా పోగొట్టుకుంటే విచారణ సంఘం వేస్తారు. పక్కింటికి అందులో గోంగూర పచ్చడి పంపి, అది వారంలో తిరిగి రాకపోతే రెండు కుటుంబాల మధ్య సంబంధాలు దెబ్బతింటాయి. అంతటి కంపెనీ 2024 సెప్టెంబరులో దివాలా రక్షణ కోరుతూ అమెరికాలో కోర్టుకెక్కింది. కారణాలు ఆర్థిక నిపుణులు చెబుతారు. నా అనుమానం వేరు: ఒకసారి కొన్న డబ్బాను మూడు తరాలు వాడే గిరాకీదారులను నమ్ముకుని ఏ వ్యాపారమైనా ఎంతకాలం నడుస్తుంది?

వంటింటిని శాస్త్రీయంగా సంస్కరించాలన్న కోరిక నేటిది కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్గరెటె షూటె-లిహోట్‌స్కీ అనే వాస్తుశిల్పి కార్మికుల ఇళ్లకు ఒక వంటిల్లు గీశారు. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. రైలు భోజనశాలల్లోని ఇరుకు వంటగదే ఆదర్శం. ఏ పనికి ఎన్ని అడుగులు వేయాలో, ఎంత సమయం పడుతుందో లెక్కగట్టారు. బియ్యానికి, పంచదారకు పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు. పిండికి మాత్రం పురుగు పట్టకుండా ఓక్ చెక్కతో చేసినవి. దాదాపు పదివేల ఇళ్లలో అవి అమర్చారు. నేటి మాడ్యులర్ కిచెన్‌కు మూలపుటమ్మ అదే. అన్నిటికన్నా నాకు నచ్చినది ఏమిటంటే, ఈ వంటిల్లు గీసేనాటికి తాను ఎన్నడూ వంట చేయలేదని, ఇల్లు నడపలేదని ఆవిడే తర్వాత ఒప్పుకున్నారు. ఆ సంప్రదాయం మాత్రం చెక్కుచెదరలేదు. నేటికీ మాడ్యులర్ కిచెన్ అమ్మే కుర్రవాడు మూడు కోణాల బొమ్మ గీసి, పొయ్యి, సింకు, ఫ్రిజ్ మధ్య మీరు ఎంత నడవాలో వివరిస్తాడు. గ్రైండరు ఎక్కడ పెట్టాలంటే మాత్రం దిక్కులు చూస్తాడు. బియ్యం బస్తా గురించి అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు.

మన ఇళ్లలో చిందరవందరకు కారణం బద్ధకం అనుకుంటారు. కాదు, పెరడు పోవడం. పాత ఇంట్లో రోలు పెరట్లో ఉండేది. అంట్లు బావి దగ్గర. కాగులో నీళ్లు కాగేది పెరట్లోనే, కుంకుడుకాయలు కొట్టేది అక్కడి బండ మీదే. ఊరగాయ జాడీలకు ఒక గది, పాత సామానుకు మరో గది. అపార్టుమెంటు వచ్చింది. బావీ, బండా, కాగూ, పెరడూ కలిసి అయిదడుగుల వెడల్పు స్నానాల గదిలోకి కాపురం వచ్చాయి. అందులో గీజరుంది, అది పనిచేయని రోజు కోసం హీటరు కడ్డీ ఉంది, నీళ్లు రాని రోజు కోసం మూడు బకెట్లున్నాయి, పిడి విరిగిన మగ్గు ఉంది, కొత్త మగ్గు విరిగే రోజు కోసం. దీనిని అయోమయం అనడం అన్యాయం. విపత్తు నిర్వహణ అనాలి.

స్నానాల గదిలో అత్యంత సీనియర్ ఉద్యోగి టూత్‌బ్రష్షు. మూడు నాలుగు నెలలకోసారి మార్చమని దంతవైద్యులు చెబుతారు. మారుస్తాం. పళ్ల శాఖ నుంచి రిలీవ్ అయిన బ్రష్షు తలకు రంగు వేసే శాఖలో చేరుతుంది. అక్కడ నల్లబడ్డాక కుళాయి మూలలు, పలకల సందులు, మిక్సీ జారు అడుగు. వీటిలో ఒక తెగ మాత్రం రంగు జోలికి పోకుండా శుద్ధంగా నిలిచి, కుంకుడు రసంలో ముంచి మంగళసూత్రం గొలుసు తోమే గౌరవాన్ని పొందుతుంది. ఏ బ్రష్షు ఏ శాఖదో పొరపడితే ఇంట్లో పెద్ద గొడవే జరుగుతుంది. ఒకే గ్లాసులో పది బ్రష్షులు నిలబడి ఉండటం చూసి అతిథి నవ్వుతాడు. అందులో తన చెయ్యి పెట్టడానికి మాత్రం జంకుతాడు. అంతమాత్రం జ్ఞానం అతనికీ ఉంది.

సబ్బు సంగతి మరీ సూక్ష్మం. అరిగిన ముక్క కొత్త సబ్బు వీపు మీద ఎక్కుతుంది, రెండు స్నానాల్లో ఒకటైపోతాయి. ఆ లెక్కన ఇంట్లో ఉన్నది ఒకే సబ్బు, పెళ్లయిన ఏడాది నుంచీ. హోటళ్ల నుంచి వచ్చిన చిన్న సబ్బులు, షాంపూ సీసాలు దీనికి అదనం. వాటిని చుట్టాలు వచ్చినప్పుడు వాడాలని దాస్తారు. చుట్టాలు వస్తారు. తమ హోటలు సబ్బులు తామే తెచ్చుకుంటారు, ఒకటి మరిచిపోయి వెళ్తారు.

పారేసే సంప్రదాయం మనకు లేదనడం మాత్రం అబద్ధం. దానికి ఏకంగా పండుగే ఉంది. భోగినాడు తెల్లవారుజామున పాత సామానంతా మంటలో వేయాలి. ఆచరణలో పిల్లలు ముందు రాత్రే ఊరంతా తిరిగి పక్కింటివారి విరిగిన మంచం కోడు, ఎదురింటివారి తలుపు చెక్క ఎత్తుకొచ్చేవారు. మన అటక మాత్రం భద్రంగా ఉండేది. పైగా ఇప్పటి పాత సామాను మంటకు పనికిరాదు. అంతా ప్లాస్టిక్కే, కాలిస్తే పొగ మనమే పీల్చాలి. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆవిడ వీధిలోకి వచ్చేది. ఆరు చీరలు, రెండు ప్యాంట్లు తీసుకుని గంటసేపు బేరమాడి ఒక బేసిను ఇచ్చేది. బట్టల బీరువా ఖాళీ అయ్యేది, వంటింటి అర నిండేది. ఇప్పుడు మైకు పెట్టుకుని తిరిగే పాత సామాన్ల ఆటో వస్తుంది, కిలోల లెక్కన ఏదో ధర చెబుతుంది. ఆ ధర విన్న అత్తగారు సగం సామాను మళ్లీ లోపలికి మోయిస్తారు.

ఇక కవర్లు. వంటింటి తలుపు వెనక వేలాడే పెద్ద కవరులో మిగతా కవర్లన్నీ ఉంటాయి. ప్రభుత్వం దీని మీద కూడా దృష్టి పెట్టింది. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని నిషేధించింది. చేతిసంచీల మందం అదే ఏడాది డిసెంబరు 31 నుంచి కనీసం 120 మైక్రాన్లు ఉండాలంది. ఉద్దేశం మంచిది. పలచటి కవరయితే అప్పుడప్పుడైనా చిరిగేది, చెత్తలోకి వెళ్లేది. 120 మైక్రాన్ల కవరును ఎవరు పారేస్తారు? దానిని కడిగి, ఆరబెట్టి, త్రికోణంగా మడిచి, పరుపు కింద పెట్టి ఇస్త్రీ చేస్తారు.

సంస్కరణకు పిలుపునిచ్చేది సాధారణంగా ఇంటి మగవాడు. ఏడాదికోసారి చక్కెర కోసం వంటింట్లో అడుగుపెడతాడు. కళ్లెదుటే ఉన్న డబ్బా కనిపించదు. దాంతో వంటింట్లో వ్యవస్థ కుప్పకూలిందని తీర్మానిస్తాడు. అదే మనిషి బీరువాలో, అయిదు ఫోన్లకు ముందటి ఫోను ఖాళీ అట్టపెట్టె, ఏ యంత్రానిదో తెలియని ఛార్జరు తీగలు భద్రంగా ఉంటాయి. అవి సామాను కావు, డాక్యుమెంట్లు. సర్దుడు వీడియో చూసి పంపేది ఆయన. అటక కింద నిచ్చెన పట్టుకునేదీ ఆయనే. ఎక్కేది, దుమ్ము పీల్చేది, ఏది ఉంచాలో చెప్పేది, చివరికి అన్నీ తిరిగి పెట్టేది మాత్రం ఆవిడ.

కాబట్టి నా ప్రతిపాదన ఒక్కటే. ఇళ్లు సర్దిపెట్టే నిపుణులు ఇప్పుడు డబ్బు తీసుకుని ఇంటికే వస్తున్నారు. రానివ్వండి. లోపలికి వదిలేముందు ఒక ప్రవేశ పరీక్ష పెట్టాలి, అదే పరీక్షను భర్తలకూ వర్తింపజేయాలి. ప్రశ్న ఇది: జంతికల గొట్టంలో వేసే నక్షత్రం బిళ్ళ ఎక్కడుంది? సమయం మూడు గంటలు. సొరుగులన్నీ తెరవవచ్చు, ఐస్‌క్రీం డబ్బాలన్నీ ఊపి చూడవచ్చు, అటక ఎక్కవచ్చు. ఇంటావిడను అడగకూడదు. నిచ్చెన మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి; మా నిచ్చెన మీద ప్రస్తుతం తువ్వాళ్లు ఆరుతున్నాయి.